తలుపు బయట నిలిచినవాడి ఆస్తి

ధర్మపురి జిల్లా హోసూరు టౌనులో బేరిగై రోడ్డున కాపురముంటున్న, రాతిపని హనుమంతప్ప కుమారుడు పిల్లప్ప అనే నేను, అరవై ఆరేళ్ల వయసులో, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ఎవరి బోధనా లేకుండా, నా తదనంతరం నా ఆస్తి ఎవరికి ఎలా చెందాలో నిర్ణయించి రాయించిన కాగితం ఇది.

నా ఊపిరితిత్తులు చెడిపోయిన మాట నిజం. యాభై ఏళ్లు మింగిన రాతి దుమ్ము ఊరికే పోదు. రాగుల కోతల దాకా ఉంటే గొప్పేనని డాక్టరు నా కొడుకుతో చెప్పాడు, గోడకు ఇవతల నేను విన్నాను. తెలివికి మాత్రం ఏ లోటూ లేదు. అనుమానమున్నవాళ్లు మూలమట్టం నా చేతికిచ్చి ఏ గోడ ఎంత వంకరో అడగవచ్చు.

నేను చెబుతున్నాను, దస్తావేజు లేఖరి శ్రీరామప్ప రాస్తున్నాడు. చట్టం మాటలు ఆయనవి, తక్కినవి నావి. ఇవన్నీ వీలునామాలో అవసరమా అని ఆయన ఇప్పటికే రెండుసార్లు కలం ఆపాడు. అవసరమే. ఆస్తి ఎలా వచ్చిందో తెలియకపోతే ఎందుకు పోతున్నదో నా పిల్లలకు అర్థం కాదు.

ముందే చెబుతున్నాను, ఈ కాగితానికి ప్రాణం నాలుగో అంశం. హోసూరు స్టార్ లాడ్జి అనే మా సంఘం కూడుకునే బంగ్లా చేజారిపోతుందని ఏడు నెలలుగా ఆ సంఘం సోదరులకు కంటి మీద కునుకు లేదు. ఆ బంగ్లా ఎవరిదో నాకు తెలుసు, శ్రీరామప్పకు తెలుసు, మా ఇంటామెకు తెలుసు. ఇక అందరికీ తెలియాలి.

1. ఇంతకు మునుపు నేను ఏ వీలునామా రాయలేదు. రాసినట్టు ఎవరైనా తెస్తే అది దొంగ కాగితం. దీన్ని అమలు జరిపే బాధ్యత ఇద్దరికి అప్పగిస్తున్నాను. ఒకరు హోసూరులో హెడ్మాస్టరు చేసి రిటైరైన పాపన్న, మా లాడ్జి కార్యదర్శి. రెండోవారు కృష్ణగిరి చింతపండు వ్యాపారి దొడ్డప్ప. ఇద్దరూ కలిసి సంతకం చేయనిదే ఏ పనీ చెల్లదు. లాడ్జి హోసూరులోనే ఉండాలా, కృష్ణగిరికి మార్చాలా అని వీళ్లిద్దరూ పదేళ్లు ఒకే బల్ల దగ్గర తింటూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఇప్పుడు నా పని మీద ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని తిరగాలి.

2. నేను కాపురముంటున్న ఇల్లు, పెరటి బావితో సహా, నా భార్య మారెమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆమె తదనంతరం కొడుకు నాగేశప్పకు. బేరిగై దారిలోని రాళ్ల కొట్టం, ఉలులు, సుత్తులు, సమ్మెటలు, గోడ నిలువు చూసే తూకం గుండు నాగేశప్పకు వెంటనే చెందాలి. వాటిలో ఎర్ర గుడ్డ చుట్టిన ఉలి మా నాయనది. దాన్ని సానపట్టవచ్చు, అమ్మకూడదు. బెంగుళూరు ఫ్యాక్టరీలో ఫిట్టరువి, నీకు ఇప్పుడు రాతిపని లేదని తెలుసు నాగేశా. ఇనుమైనా మట్టానికి కుదరాల్సిందే గదా, ఉంచుకో.

3. కావేరిపట్టణంలో కాపురముంటున్న కూతురు అంజినమ్మకు, ఆమె పెళ్లినాడు ఇస్తానని మాటిచ్చి పదకొండేళ్లుగా ఇవ్వని రుబ్బురోలు. పని పూర్తయింది, కొట్టంలో గోనె కింద ఉంది. అంచు చుట్టూ పదకొండు తామర రేకులు చెక్కాను, ఆలస్యమైన ఏడాదికి ఒకటి చొప్పున. ఊరివాళ్ల రోళ్లన్నీ చేసి కూతురి రోలు మరిచాడని ఆమె అత్తగారు అన్న మాట నాకు చేరింది. ఆమె కూడా ఇందులో పిండి రుబ్బి చూసి, ఇంకో మాట ఏదైనా ఉంటే అప్పుడు అనవచ్చు.

4. లాడ్జి సంగతి తెలియని మనవళ్ల కోసం మొదటి నుంచి చెబుతున్నాను. ఫ్రీమేసన్లని ఒక సంఘం. మూలమట్టం, తూకం గుండు, సుత్తి, ఉలి వాళ్లకు గుర్తులు. మనిషి తనను తాను రాయిలా చెక్కుకోవాలని, ఒకరికొకరు సోదరులుగా ఉండాలని వాళ్ల మాట. కులం, మతం, రాజకీయం గుమ్మం బయటే విడవాలి. తలుపులు మూసుకుని కూడుతారు గనుక ఊరివాళ్లు ఆ ఇంటికి తలలు నరికే బంగ్లా అని పేరు పెట్టారు. లోపల ఏం జరుగుతుందో నేను రాయను, ప్రమాణం చేశాను. తలలు నరకరు అన్నంతవరకు రాయవచ్చు.

1926లో పశువుల డాక్టరు వీలర్ దొర ఆ బంగ్లా కట్టించాడు. గోడరాళ్లు మా నాయన చెక్కాడు, గడపరాయి నేను చెక్కాను. దొర నాతో మరో రెండు రాళ్లు చేయించాడు. ఒకటి గనిలోంచి తెచ్చినట్టే మొరటుగా ఉండాలి, రెండోది ముఖం కనిపించేంత నున్నగా ఉండాలి. మొరటు రాయికి కూలి తీసుకోవడానికి నాకు సిగ్గేసింది. మనిషి అలా వచ్చి ఇలా తయారు కావాలని వాటికి అర్థమట. ఆ అర్థం మా నాయన నాకు మాటల్లో చెప్పలేదు, సుత్తి పిడితో వీపు మీద చెప్పాడు. వాళ్లు పట్టుగుడ్డ మీద పెట్టి చూపే పనిముట్లు మా ఇంట్లో మూలన పడి ఉండేవి. అయినా వాళ్లు వాటి ముందు తల వంచడం చూసి, నా పనికి ఇంత గౌరవం ఉందా అని మొదటిసారి అనుకున్నాను. ఆ రోజు నుంచి ఆ బంగ్లాకు నేనే కావలివాణ్ణి.

1947లో దొరలందరూ పోతుంటే వీలర్ దొర కూడా బయలుదేరాడు. బంగ్లా ఆయన సొంత పేరున ఉండేది. మిగిలిన సోదరులు అప్పటికే రెండు జట్లు. హోసూరు జట్టుకు రాస్తే కృష్ణగిరి వాళ్లు కోర్టుకు పోతారు, కృష్ణగిరికి రాస్తే హోసూరు వాళ్లు పోతారు. ఆఖరి వారంలో ఆయన నన్ను శ్రీరామప్ప దగ్గరికి పిలుచుకుపోయి, బంగ్లానూ చుట్టూ ఉన్న జాగానూ నా పేరున దానపత్రం రాయించి రిజిస్టరు చేశాడు. రెండు ఊళ్ల సోదరులూ ఒక్క మాటగా ఈ ఇంటి కోసం నిలబడిన నాడు వాళ్లకు ఇచ్చెయ్యమన్నాడు, అందాకా నోరు విప్పవద్దన్నాడు. ముప్ఫై ఏళ్లు ఈ గడ్డ మీద ఉన్న మనిషి, మా మాటలోనే చెప్పాడు: "మనుషులు కొట్లాడతారప్పా, రాయి కొట్లాడదు. నువ్వు రాయి మాదిరి ఉండు."

ఉన్నాను. పందొమ్మిదేళ్లు ఉన్నాను. ఏటా ఇంటిపన్ను కట్టడానికి లాడ్జివారు నన్నే పంపేవారు. రసీదు మీద ఎవరి పేరుందో చూసినవాడు లేడు.

లాడ్జి కూడినప్పుడు తలుపు బయట ఒకడు కత్తి పట్టుకుని కాపలా ఉండాలి. దొరల కాలంలో రిటైరైన సార్జెంటు నిలిచేవాడు. వాళ్లు పోయాక, లోపల కుర్చీ వదిలి బయట నిలబడటానికి మనవాళ్లెవరూ ఒప్పుకోలేదు. కత్తి నా చేతిలో పెట్టారు. బయట నిలిచేవాడూ సోదరుడే కావాలన్నది వాళ్ల నియమమే. ఆ నియమం పుస్తకంలో ఉంది, పుస్తకం బీరువాలో ఉంది, బీరువా తాళం నా మొలతాడుకు ఉంది. ఎవరూ అడగలేదు. అలా నా పేరున ఉన్న ఇంటి బయట, నేను చెక్కిన గడప ఇవతల, లోపలికి పోకూడనివాడిగా పదేళ్లు నిలిచాను.

కొత్తవాణ్ణి చేర్చుకోవాలంటే సోదరులందరూ ఒక పెట్టెలో చెయ్యి పెట్టి రహస్యంగా తలా ఒక గోలీ వేయాలి. తెల్లది వేస్తే సరే, నల్లది వేస్తే వద్దు. మా లాడ్జిలో ఒక్క నల్లది పడినా చాలు, ఆ మనిషి రాకూడదు. దొరల దంతపు గోలీలు దొరలతోనే పోయాయి. 1951లో పాపన్న నన్ను కొత్తవి చేయమన్నాడు. తెల్లవి బలపపు రాయితో చేశాను, పూటకు రెండు అయ్యాయి. నల్లవి కృష్ణగిరి వైపు నల్లరాయితో చేశాను, ఒక్కోదానికి రెండు రోజులు పట్టింది. అంత నున్నని పని నేను మళ్లీ చేయలేదు. మరుసటి ఏడాది పాపన్న నా పేరే పెట్టెకు పెట్టాడు. తలుపు బయట నిలబడి విన్నాను. బలపపు రాయి పెట్టెలో పడితే మెత్తగా టప్పుమంటుంది. నల్లరాయి ఖంగుమంటుంది. రాతిపని వాడికి ఆ తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. ఒకటి ఖంగుమంది. 1955లో పాపన్న మళ్లీ పెట్టాడు. మళ్లీ ఒకటి ఖంగుమంది. నన్ను ఆపిన గోలీని రెండు రోజులు కూర్చుని నునుపు చేసింది నేనే. ఆ రెండుసార్లూ ఇంటికి వచ్చి ఏడ్చాను. ఈ మాట కొట్టేద్దామని శ్రీరామప్ప అంటున్నాడు, ఉంచమన్నాను.

1957 కార్తీకంలో మద్రాసు పెద్ద లాడ్జి నుంచి ఒక అధికారి చెప్పాపెట్టకుండా తనిఖీకి వచ్చాడు. పెద్ద వాన. లోపలి నుంచి మాట వచ్చేదాకా ఎవరినీ వదలవద్దని నాకు ఉత్తర్వు, అందుకని ఆయన్ను అరగంట తడవనిచ్చాను. ఆయన కోప్పడలేదు సరికదా, ఇంత నిష్ఠగల సోదరుణ్ణి చూడలేదని మెచ్చుకుని, సోదరులు ఒకరినొకరు గుర్తుపట్టే సైగ అడిగాడు.

"ఆ సైగ నాకు తెల్దు సామీ, నేను ఈడ కావలోణ్ణి" అన్నాను.

మెప్పు అక్కడితో సరి. సోదరుడు కానివాడి చేతిలో కత్తి పెట్టినందుకు లాడ్జి అనుమతి పత్రమే గోడ మీంచి దించేస్తానన్నాడు. మూడు నెలలు గడువిచ్చాడు. అప్పటికి సోదరులు ఏడుగురే. లోపల ఏడుగురు లేనిదే పని సాగకూడదు, ఒకడు బయటికొచ్చి నిలిస్తే లోపల ఆరుగురు. ఎనిమిదో మనిషి కావాలి. తలలు నరికే బంగ్లాలోకి వచ్చేవాడు రెండు తాలూకాల్లో ఎవడూ దొరకలేదు. అప్పుడు ఆ ఏడుగురూ తలుపు వైపు చూశారు, తలుపు దగ్గర నేనున్నాను.

1958లో, ఓటు నాటి పొద్దున మారెమ్మ ట్రంకుపెట్టె తెరిచి దానపత్రం నా ముందు పెట్టింది. "దీన్ని చూపిచ్చి లోపలికి పోరాదా? ఇల్లు నీదే గదా" అంది.

"దీన్ని చూపిస్తే ఇల్లు నాదవుతాది మారీ, మనుషులు నావాళ్లు కారు" అన్నాను. ఆమె పెట్టె మూసింది.

నా సొంత ఓటుకు నేనే కత్తి పట్టుకుని బయట నిలబడ్డాను. ఒకటి, రెండు, మూడు, మెత్తగా పడ్డాయి. నాలుగు, ఐదు, ఆరు. ఆరోదానికీ ఏడోదానికీ మధ్య ఎంతసేపు పట్టిందో చెప్పలేను, చెమటకు పిడి జారింది. ఏడోదీ మెత్తగానే పడింది. తలుపు తెరుచుకుంది. పాపన్న బయటికి వచ్చి నా చేతిలోని కత్తి తాను తీసుకుని, "నువ్వు లోపలికి పోప్పా, ఈ పొద్దు నేను ఈడ నిలబడతా" అన్నాడు. నేను చెక్కిన గడపను నేను దాటాను. అధికారి మళ్లీ వచ్చి చూసి, అనుమతి పత్రం గోడ మీదే ఉంచి, మారెమ్మ చేసిన సంగటి తిని పోయాడు.

ఆ తరువాత సంగతి అందరూ చూసిందే. కావలివాడు చేరిన చోట మాకేం భయమని ఒక్కొక్కరే వచ్చారు. తమిళ పోస్టుమాస్టరు, కన్నడ పంతులు, కృష్ణగిరి వైపు పోచంపల్లి సంతలో పశువులమ్మే ఆయన, మామిడి తోటల సాయెబు, బస్సు డ్రైవరు. అందరూ ఒకే బల్ల మీద ఒకే సంగటి తిన్నారు. 1963లో నన్ను లాడ్జికి అధ్యక్షుణ్ణి చేశారు. తూర్పున ఉండే అధ్యక్షుడి కుర్చీలో కూర్చోబెట్టి నా మెడలో అధికార పట్టీ వేసింది దొడ్డప్ప. పట్టీ వంకరగా పడితే ఆయనే రెండుసార్లు సరిచేశాడు. ఇంగ్లండు సీమ నుంచి వీలర్ దొర ఉత్తరం రాశాడు, రాయి సింహాసనం ఎక్కిందని. నిరుడు ఆయన పోయాడు.

ఈ మార్చిలో బెంగుళూరు నుంచి ఎవరో వచ్చి, దొర వారసుల దగ్గర బంగ్లా కొని ఫ్యాక్టరీ కడతామని బెదిరించి పోయారు. వాళ్లు ఏం కొంటారు, నా దగ్గర కొనాలి. కానీ సోదరులకు ఆ సంగతి తెలియదు. పోయిన నెల సభలో ముప్ఫై ఒక్కరమూ లేచి నిలబడి ఈ ఇల్లు విడిచేది లేదని తీర్మానించాము. ప్రతిపాదించింది కృష్ణగిరి దొడ్డప్ప, బలపరిచింది హోసూరు పాపన్న. కోర్టు ఖర్చుకు తన చింతపండు గోదాము తాకట్టు పెడతానని దొడ్డప్ప అన్నాడు. దొర చెప్పిన రోజు వచ్చిందని నాకు అప్పుడే తెలిసింది. ముఖం తుడుచుకునే నెపంతో తల దించుకున్నాను.

కాబట్టి, 1947లో హోసూరు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నా పేరున రిజిస్టరైన దానపత్రం ప్రకారం నాకు చెందిన సదరు బంగ్లాను, చుట్టూ ఉన్న జాగాను, ప్రహరీని, బావిని, రెండు రాళ్లను, గడపను, హోసూరు స్టార్ లాడ్జి సోదరులకు శాశ్వతంగా ఇచ్చేస్తున్నాను. నా వారసులకు అందులో ఏ హక్కూ లేదు. అమ్మే హక్కు సోదరులకూ లేదు.

నాగేశా, నీకు కోపం వస్తుంది. ఒక జాగా ఇప్పించమని నన్ను ఆరేళ్లు అడిగావు, ఇంత జాగా పెట్టుకుని లేదన్నాను. అది నాది కాదు, నా దగ్గర దాచింది. దాచిపెట్టమని ఇచ్చినదాన్ని కొడుక్కి ఇచ్చానని నిన్ను ఎవడూ వేలెత్తి చూపకూడదు. కోర్టుకు పోవద్దు. పోతే ఓడిపోతావని శ్రీరామప్ప అంటున్నాడు. గెలుస్తావని చెప్పినా పోవద్దనే అంటాను.

బతికుండగా ఎందుకు చెప్పలేదంటే, చెబితే నేను వచ్చినప్పుడల్లా ఇంటి యజమాని వచ్చాడని లేచి నిలబడతారు. వాళ్ల పక్కన కూర్చోవడానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది. మళ్లీ లేపదలుచుకోలేదు. తాకట్టు మాట దీపావళి తరువాత చూద్దామని ఆపి ఉంచాను. దీపావళికి కూడా నేను బతికే ఉంటే శ్రీరామప్ప ఈ కాగితం తెరిచేయవచ్చు, పొగడ్తలు ఎలాగో భరిస్తాను.

5. తలుపు బయటి కత్తి లాడ్జిదే. దాని తోలు ఒర మాత్రం నేను కుట్టించింది, అది పాపన్నకు. నాకు అరవైకి దగ్గరగా అక్షరాలు నేర్పిన గురువు ఆయన. కింద ఉన్నది వేలిముద్ర కాదు, సంతకం, వంకరగా ఉన్నా ఆయన చలవే.

నా భార్య మారెమ్మకు, లాడ్జి విందు బల్ల దగ్గర ఒక కుర్చీ. పదేళ్లు వాళ్లకు వండింది, ఒక్కసారీ ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. ఆడవాళ్లను సభలోకి రానివ్వరని తెలుసు. విందు సభ కాదు. ప్రతి విందుకు ఆమెను పిలిచి, ముందు ఆమెకు వడ్డించి తరువాత మీరు తినాలి. అమ్మకూడదన్నది పోతే, బంగ్లా దానానికి నేను పెట్టే ఒకే షరతు ఇది.

నాకు రెండు ఏప్రన్లు ఉన్నాయి. ఒకటి రాతిపనికి కట్టుకున్న గోనెది, రెండోది లాడ్జివారు కట్టిన తెల్ల గొర్రెపిల్ల తోలుది. "ముప్పై ఏండ్లు ఆ గోనె ఉతికినాను, ఈ తెల్లదాన్ని తాకనియ్యవేమి" అని మారెమ్మ నన్ను ఆడిపోసుకునేది. పూడ్చేటప్పుడు గోనెది నా నడుముకు కట్టండి. తెల్లది మారెమ్మకు, ఇక ఇష్టం వచ్చినట్టు తాకవచ్చు.

6. పక్కింటి మారియప్పకు నా హరికేన్ లాంతరు. బంగ్లా వెనక తలలు పాతిపెట్టారని తొమ్మిదేళ్లు ఊరంతా చెప్పి, మా అంజినమ్మకు వచ్చిన రెండు సంబంధాలు తప్పించినవాడు. ఆ లాంతరు తీసుకుని బంగ్లా చుట్టూ వెతుక్కోవచ్చు. ఒక్క తల దొరికినా నా ఇల్లు ఆయనదే. ఇది చట్టప్రకారం చెల్లదని శ్రీరామప్ప గొణుగుతున్నాడు, దొరకదులే అన్నాను.

7. నా కొడుకు నాగేశప్ప ఎప్పుడైనా లాడ్జిలో చేరాలనుకుంటే, తండ్రి ఇల్లిచ్చాడని తెల్ల గోలీ వేయకండి. మనిషిని చూసి వేయండి. కాదనిపిస్తే నల్లదే వేయండి. అవి బాగా జారుతాయి, నేను హామీ.

8. ఈ అంశం సభలో చదవకూడదు. విడి కాగితం మీద రాయించి, లక్కతో ముద్ర వేసి దీనికి జతచేశాను. దొడ్డప్ప ఒక్కడే విప్పి చదువుకోవాలి.

దొడ్డప్పా, ఎప్పుడూ మీరు అన్న నోటితో ఈ ఒక్క కాగితంలో నువ్వు అంటున్నాను. సోదరులం గదా. నువ్వు నశ్యం పీల్చే మనిషివి. నీ వేళ్లు తాకిన వస్తువు రెండు రోజులు నశ్యం వాసన వేస్తుంది. ఓటు మరునాడు పెట్టె తుడిచేది నేనే. 1952లో నన్ను ఆపిన నల్ల గోలీ వాసన చూశాను. 1955లోనూ చూశాను. రెండూ దాచి, పెట్టెలో వాటి బదులు కొత్తవి చేసి పెట్టాను. నీ మీద కోపం నాకు ఉండింది. పాపన్న తెచ్చిన మనిషినని ఆపావా, రాళ్లు కొట్టేవాణ్ణని ఆపావా అని ఆరేళ్లు ఆలోచించాను. నువ్వు వచ్చిన ప్రతిసారీ నీ గొడుగు నేనే పట్టుకున్నాను, ప్రతిసారీ లోపల మండింది.

1958లో ఏడు తెల్ల గోలీలూ ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. నేను ఐదోసారి తీసినదానికి నీ నశ్యం ఉంది. ఆ బంగ్లా గచ్చు మీద కూర్చుని గట్టిగా నవ్వాను, వినేవాళ్లెవరూ లేరు. తక్కిన ఆరుగురూ ముందునుంచీ నావాళ్లే. వద్దన్న మనిషి రమ్మన్నాడు, అది నేను గెలుచుకున్నది. బంగ్లా నాకు దొర ఊరికే ఇచ్చాడు. ఈ గోలీకి ఆరేళ్లు నిలబడ్డాను. నా ఆస్తి అంతటిలో ఇదే పెద్దది, అందుకని నీకు ఇస్తున్నాను.

ఈ కాగితంలో చుట్టిపెట్టిన మూడింటిలో రెండు నల్లవీ నువ్వే నీ చేత్తో నా గుంతలో, నా కాళ్ల దగ్గర వేయి. చేసింది నేను, వేసింది నువ్వు, ఆ లెక్క నాతో పూడిపోతుంది. తెల్లదాన్ని నీ దగ్గరే ఉంచుకో. నాలాంటివాడి పేరు పెట్టెకు వచ్చిన రోజున దాన్నే వేయి. మెత్తగా పడుతుంది. తలుపు బయట నిలిచినవాడికి వినిపిస్తుంది.

పైన రాసినదంతా శ్రీరామప్ప నాకు రెండుసార్లు చదివి వినిపించగా, విని, సరేనని, ఆ తరువాత పిలిచిన సాక్షుల ఎదుట నా చేత్తో సంతకం చేశాను.

హోసూరు, 1966 అక్టోబరు 9, ఆదివారం.

(సంతకం) హ. పిల్లప్ప
రాతిపని. హోసూరు స్టార్ లాడ్జి మాజీ అధ్యక్షుడు, మాజీ కావలివాడు.

సాక్షులు:
వెంకటప్ప, బస్సు డ్రైవరు, హోసూరు
రామలక్ష్మమ్మ, టీచరు, బేరిగై

రాసినవాడు: శ్రీరామప్ప, దస్తావేజు లేఖరి, హోసూరు